తదితరులు

మొన్న ఆదివారం పొద్దున్న, ఇంకా కాఫీ కూడా తాగలేదు, ఫోన్‌లోకి ఒక ఫోటో వచ్చి పడింది. నా చిన్నప్పుడు చోడవరంలో మా నాన్నా వాళ్ళూ ఆడిన నాటకాన్ని ఇప్పటి కుర్రాళ్ళు మళ్ళీ ఆడబోతున్నారట. దానికి కట్టబోయే ఫ్లెక్సీ నమూనా అది. పంపినవాడు ఆ నాటకం రాసిన తెలుగు మాస్టారి మనవడు. 'చూసి ఎలా ఉందో చెప్పండమ్మా' అని, కింద రెండు చేతులు జోడించిన బొమ్మ.

సంబరంగా కళ్ళజోడు పెట్టుకుని, అక్షరాలు పెద్దవి చేసుకుని చదివాను. 'ఆనాటి నటీనటులు, సాంకేతిక వర్గం.' పెద్దకొడుకు వేషం వేసిన మా నాన్న పేరుంది. మాస్టారి పేరు ముందు రెండు బిరుదులు ఉన్నాయి. ఆయన బతికుండగా అవి ఎవరూ ఇచ్చిన గుర్తు లేదు. హార్మోనియం ఆయన, మేకప్పు ఆయన, మైకుసెట్టు ఆయన, ఆఖరికి రిహార్సల్స్‌కి టీ పంపిన హోటలాయన, అందరూ ఉన్నారు. నేను కూడా ఉన్నానండోయ్, పేరు ముందు 'బేబీ' తగిలించుకుని. మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కలేని బేబీని. అన్ని పేర్లూ అయిపోయాక చిట్టచివర ఒక్క మాట. తదితరులు.

నాకు ఒళ్ళు మండిపోయింది. కాఫీ చల్లారిపోయింది. మా ఆయన వంటింట్లోంచి తొంగిచూసి, నా మొహం చూసి వెనక్కి వెళ్ళిపోయారు.

ఇంత వయసులో ఒక మాట మీద ఇంత కోపమేమిటని మీకు అనిపించవచ్చు. ఆ ఫ్లెక్సీలో తదితరులంటే పదిమంది కారు. ఒక్క మనిషి. మా పక్కింటి మిషను పిన్ని.

అప్పట్లో మేముండే వీధిలో చెరకు ఆడే రోజులొస్తే గాలి అంతా తియ్యగా, కాస్త మాడు వాసనగా ఉండేది. బళ్ళమీంచి చెరకుగడలు లాక్కుని తిని, పెదాలు కోసుకుపోయి, రాత్రి చోడి అంబలి తాగుతుంటే చురుక్కుమనేది. మా ఇంటిని ఆనుకుని ఒక బెల్లం గొడౌను ఉండేది. దిమ్మలన్నీ లారీల్లో వెళ్ళిపోయాక అది ఖాళీ. ఆ ఖాళీలో సాయంత్రం బడి విడిచిపెట్టిన దగ్గర్నుంచి దీపాలు పెట్టేదాకా మా నాన్నా వాళ్ళ నాటక సమాజం రిహార్సల్. నేల జిగటగా ఉండేది. ఎంత గంభీరమైన వేషం వేసినవాడైనా అడుగు ఎత్తితే చెప్పు టప్పున శబ్దం చేసేది. మాస్టారు డైలాగు మధ్యలో నడవొద్దని అరిచేది అందుకే.

గొడౌనుకి అటుపక్క వాటాలో మిషను పిన్ని ఉండేది. ఆవిడ వరండాలో కుట్టుమిషను, దాని మీద నూనె వాసన, కొత్తగుడ్డల గంజి వాసన. మెడలో టేపు, చెవి వెనక పెన్సిలు. ఆవిడ భర్త బెల్లం లారీ నడిపేవాడు, వారానికి రెండురోజులు ఇంట్లో ఉంటే ఎక్కువ. పిల్లల్లేరు. వీధంతటికీ ఆవిడ మిషను పిన్ని. నాన్న వయసు వాళ్ళకి మిషనమ్మ. వేరే పిలుపు నేను వినలేదు.

ఆ నాటకంలో ఇద్దరు అన్నదమ్ములు ఇల్లూ పొలమూ పంచుకుంటారు. అన్నీ పంచుకున్నాక తల్లి మిగిలిపోతుంది. నేను పెద్దకొడుకు కూతుర్ని. నాకు ఉన్నది ఒకే ఒక డైలాగు: 'నానమ్మా, నువ్వెవరి వాటాలో ఉంటావే?' అది అడిగితే తల్లి వేషధారి ఒక పేజీన్నర మాట్లాడాలి. ఆ వేషానికి మా ఊళ్ళో ఆడవాళ్ళు పనికిరారు. పనికిరారంటే, వెయ్యనివ్వరు. కాబట్టి వైజాగ్ నుంచి లేడీ ఆర్టిస్టుని మాట్లాడేవారు. ఆవిడ ఆఖరి రెండురోజులే వచ్చేది. అప్పటిదాకా ఆవిడ డైలాగులు ఎవరో ఒకరు చదవాలి. మొదట్లో సోడాకొట్టు ఆయన గొంతు సన్నం చేసుకుని చదివేవాడు. మేం పిల్లలం కిందపడి నవ్వేవాళ్ళం.

ఒకరోజు ఆయన చదువుతూ ఒక ముక్క మింగేశాడు. గొడౌను కిటికీ అవతల్నుంచి ఒక ఆడగొంతు ఆ ముక్క అందించింది. మాస్టారు పుస్తకంలో చూసుకున్నారు. అక్షరం పొల్లుపోలేదు.

"ఎవురది?"

"నానేనండి, మాస్టారూ. రోజూ వింటన్నాను కదా, వచ్చేసినాది."

ఆవిడ రోలుగుంటలో ఐదో తరగతి వరకూ చదివిందట. మర్నాటి నుంచి తల్లి డైలాగులు ఆవిడవే. వారం తిరక్కుండా ప్రాంప్టింగు కూడా ఆవిడదే అయింది. నాటకానికి తెర కావాలి, కోట్లు బిగించాలి, పాత పంచెలు వేషాలుగా మార్చాలి. దాంతో మిషను కూడా గొడౌనులోకి వచ్చేసింది. ఒళ్ళో పుస్తకం, కాలు తొక్కుడు చెక్క మీద. మిషను టకటకా నడుస్తుందంటే డైలాగు సరిగ్గా వెళ్తున్నట్టు. మిషను ఆగిందంటే ఎవడో తప్పు చెప్పినట్టు. ఆవిడ పెదవి విప్పక్కర్లేదు. మా నాన్న కూడా మిషను ఆగగానే నాలిక కరుచుకుని మొదటికి వెళ్ళేవాడు. ఇంట్లో మా అమ్మ మాటకి ఏనాడూ ఆగని మనిషి.

పోటీలు అనకాపల్లిలో. ఊరికి పరువు సంగతి. కరపత్రాలు వేయించాలన్నారు. ఆ సాయంత్రం మాస్టారు అందరి ముందూ అన్నారు.

"మిషనమ్మా, ప్రాంప్టింగూ దుస్తులూ అని నీ పేరు కూడా వేయిస్తాం. రాసియ్యమ్మా."

పిన్ని తొక్కడం ఆపేసింది. తప్పు ఎవరు చెప్పారా అని అందరూ చూసుకున్నారు.

మర్నాడు వాళ్ళ వరండాలో నేను బెల్లం ముక్క చీకుతూ కూర్చుంటే, ఆవిడ కొలతల పుస్తకంలోంచి ఒక కాగితం చింపి, పెన్సిలు ముల్లు నాలిక మీద తడిచేసుకుని రాసింది. బాగులేదని చింపింది. మళ్ళీ రాసింది. మూడోసారికి నచ్చినట్టుంది. చేతులు దూరంగా చాపి చూసుకుంది.

"మా అయ్య పెట్టిన పేరే గుంటా ఇది. అత్తోరింటికి వచ్చేక ఒక్కలు పిలవలేదు. నానే మర్సిపోనాననుకున్నాను, సూడు, సెయ్యి మర్సిపోలేదు."

కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి నా చేతిలో పెట్టింది.

"మీ నాన్నకియ్యి. బెల్లం సెయ్యి అంటించీకు, జాగర్త."

లంగాకి చెయ్యి తుడుచుకుని పట్టుకెళ్ళి నాన్నకిచ్చాను. ఆయన చొక్కాజేబులో పెట్టుకున్నాడు.

వారానికి కరపత్రాల కట్ట వచ్చింది. గులాబీ రంగు కాగితం, చేతికి అంటుకునే సిరా. పిన్ని చేతులు కొంగుకి తుడుచుకుని ఒకటి తీసుకుంది. వేలు పెట్టి పైనుంచి చదువుకుంటూ వచ్చింది. లేడీ ఆర్టిస్టు పేరు నా బొటనవేలంత లావు అక్షరాల్లో. నా పేరు, బేబీ. నేను చూసుకుని గెంతుతున్నాను. పిన్ని వేలు అడుక్కి వెళ్ళి ఆగింది. అక్కడ ఇలా ఉంది: 'ప్రాంప్టింగ్, దుస్తులు, తెర: తదితరులు.'

"బావగారూ, నాను రాసిచ్చిన సీటీ అందలేదేటి?"

మా నాన్న గొంతు సవరించుకున్నాడు. "అందింది మిషనమ్మా. అందకేటి. అదికాదు, ఈ కాయితాలు గోడలకి అంటిస్తారు, సంతల్లో పంచుతారు, ఆడకూతురి పేరు పదిమంది కాళ్ళకింద పడితే బాగోదు కదా. రేపు మీ ఆయన ఏటనుకుంటాడో అనీ..."

అందరూ తలకాయలు ఊపారు. ఒక్కడంటే ఒక్కడు, లేడీ ఆర్టిస్టు పేరు కాళ్ళకింద పడదా, ఆవిడ ఆడకూతురు కాదా, అనలేదు. వారం కిందట అందరి ముందూ పేరు రాసిమ్మన్న మాస్టారు హార్మోనియం వైపు చూస్తూ కూర్చున్నారు. అంతమంది చదువుకున్నవాళ్ళు, పేజీలకి పేజీలు తల్లి గొప్పతనం గురించి డైలాగులు చెప్పేవాళ్ళు. ఇప్పుడు తల్చుకున్నా నాకు రక్తం ఉడుకుతుంది.

పిన్ని కాసేపు కరపత్రం వైపే చూసి అడిగింది.

"తదితరులంటే ఏటండి మాస్టారూ?"

మాస్టారికి ఊపిరి వచ్చింది. పాఠం కదా. "తత్ అంటే అది. ఇతరులు అంటే వేరేవాళ్ళు. మొత్తం మీద, మిగతావాళ్ళు అని."

"మిగతావోల్లు," అంది పిన్ని. నవ్వింది. సూదిలో దారం ఎక్కించుకుని మళ్ళీ తొక్కడం మొదలుపెట్టింది.

ఆ తరవాత నేను చేసిన పని కూడా చెప్పాలి. నాన్నని తిట్టి నన్ను దాచుకుంటే ఏం న్యాయం? ఆ కొత్త మాట నాకు తెగ నచ్చింది. మర్నాడు వాళ్ళ వరండా ముందు నిలబడి 'తదితరుల పిన్నీ' అని పిలిచాను. మా జట్టు అందుకుంది. రెండురోజుల్లో వీధి పిల్లలందరి నోటా అదే. పిన్ని ఒకసారి కత్తెర చూపించి "నాలిక కత్తిరించెత్తాన్రా" అని బెదిరించింది. మేం ఇంకా గట్టిగా అరిచాం. నాన్న విని నవ్వాడు. నాకు అది బహుమతిలా అనిపించింది.

గురువారం లారీ వచ్చింది. పిన్ని భర్త స్నానం కూడా చెయ్యకుండా లుంగీ ఎగ్గట్టుకుని మా గుమ్మంలోకి వచ్చాడు. చేతిలో గులాబీ కాగితాల బొత్తి.

"బాబూ, మాయావిడ పేరేదండీ? వడ్డాది సంతలో మావోల్లందరికీ పంచుదామని కట్ట అట్టుకొచ్చేసేను. లారీ ఆపి రెండుసార్లు సదివించుకున్నాను. ఎక్కడా లేదేటండీ?"

ఆయన ఏమనుకుంటాడోనని తీసేశారు గదా. ఆయన్ని ఎవరైనా అడిగారా? అడగలేదు. అడిగి ఉంటే లారీ ముందర రాయించుకునేవాడు.

"ప్రెస్సోళ్ళు మర్సిపోయేరు," అన్నాడు నాన్న.

మా నాన్న అబద్ధం ఆడగా చూడటం నాకు అదే మొదలు. నేను పక్కనే ఉన్నాను. నేనూ నోరు మెదపలేదు.

పోటీల రోజున చీటీలు తీస్తే మాకు మధ్యాహ్నం రెండు గంటల ఆట పడింది. భోజనాలు చేసి జనం జోగే వేళ. రేకుల హాలు, కొలిమిలా ఉంది. మిషనుని వ్యానులో ఎక్కించలేదు, దుస్తులు కుట్టడం అయిపోయింది కదా అని. పెద్ద పొరపాటు. తెర లేచింది, మా నాన్న మొదటి డైలాగు ఎత్తుకున్నాడు. మిషను శబ్దం లేదు. తప్పు చెప్పాననుకున్నాడు కాబోలు, ఆగాడు. మళ్ళీ మొదటినుంచి చెప్పాడు. మళ్ళీ నిశ్శబ్దం. మూడోసారి మొదలుపెట్టేసరికి ముందువరసలో ఎవరో కిసుక్కుమన్నారు. చిన్నకొడుకు వేషం ఆయన కూడా బిక్కచచ్చి చూస్తున్నాడు. అప్పుడు పక్కతెర చాటునుంచి 'టకటకటకటక' అని వినిపించింది. పిన్ని. నోటితో. మా నాన్న భుజాలు కిందికి దిగాయి. ఇక డైలాగులు పరుగెత్తాయి. గంటంబావు సేపు ఆవిడ నాలికతో మిషను తొక్కింది.

ఆఖరి సీను వచ్చింది. నేను నడిచివచ్చి, 'నానమ్మా, నువ్వెవరి వాటాలో ఉంటావే?' అని అడిగాను. లేడీ ఆర్టిస్టు నా తలమీద చెయ్యి వేసి, రెండు వాక్యాలు చెప్పి, ఆగిపోయింది. పాపం ఆవిడ తప్పేం లేదు. మాస్టారు రాసిన పేజీన్నర గ్రాంథికం, రెండురోజుల్లో ఎవరికి వస్తుంది? పిన్ని వెనకనుంచి ఆ మాటలే అందించింది. ఫ్యాన్ల గోలలో అందలేదు. రెండోసారీ అందలేదు. నేనూ లేడీ ఆర్టిస్టూ పక్కతెర వైపు తిరిగి నిలబడ్డాం కాబట్టి మా ఇద్దరికే కనిపించింది. పిన్ని పుస్తకం మూసేసింది. మెడలో టేపు చేత్తో పట్టుకుని, పెదాలు బాగా కదిలేలా ఒక్కో మాటే చెప్పింది. లేడీ ఆర్టిస్టు గొప్ప మనిషి. ఒక్క క్షణం చూసి, కొడుకుల వైపు తిరిగి, ఉన్నదున్నట్టు అనేసింది.

"టేపు తెండర్రా. నడుం కాడికి కొలిసి కత్తిరించుకోండి. పైముక్క పెద్దోడికి, కిందముక్క సిన్నోడికి. కుట్లు ఊడిపోకుండా సూసుకోండి, మీ అమ్మని నానే కుట్టేను."

రేకులు ఎగిరిపోయేలా చప్పట్లు. ఆ మాట ఆవిడ ఎక్కడినుంచి తెచ్చిందో నాకు తెలీదు. 'మీ అమ్మని నానే కుట్టేను' అంటే అర్థమేమిటో ఆరోజు ఎవరికీ పూర్తిగా తెలిసి ఉండదు. తెలిసినట్టే అందరూ ఏడ్చారు.

ఉత్తమ నటి లేడీ ఆర్టిస్టు. ఉత్తమ రచన మాస్టారు. మాస్టారు కప్పు పట్టుకుని స్టేజి దిగుతుంటే ఆయన మొహం ఎర్రగా ఉంది. సంతోషమనుకున్నాను. బస్సు ఎక్కేముందు లేడీ ఆర్టిస్టు పిన్నిని వెతుక్కుంటూ వచ్చి, రెండు చేతులూ పట్టుకుని, "పుస్తకంలో లేదు గదమ్మా అది," అంది. "పేజీ ఎగిరిపోనాదండి," అంది పిన్ని.

వ్యానులో నేను నాన్న ఒళ్ళో కూర్చుని చెప్పాను, "పిన్ని పుస్తకం మూసేసింది నాన్నా, నేను చూశాను," అని. నాన్న నా నోటిమీద చెయ్యి పెట్టాడు. "ఊరుకో. మాస్టారు బాధపడతారు."

మాస్టారు బాధపడతారు! మిషను పిన్ని బాధపడుతుందని ఆ వ్యానులో ఒక్కడికైనా తోచిందా? ఆవిడ వెనకసీటులో మడతపెట్టిన తెర మీద తల ఆనించుకుని నిద్రపోయింది. ఆ మరుసటి ప్రదర్శనకి మాస్టారు ఆ మాటల్ని పుస్తకంలో ఎక్కించుకున్నారు. తన దస్తూరీతో.

అవే మాటలు ఇప్పుడు ఫ్లెక్సీ నెత్తిన, కొటేషన్లలో. కింద మాస్టారి పేరు, రెండు బిరుదులతో.

ఫోన్ చేశాను మనవడికి. కడిగేశాను. అరగంట సేపు గుక్క తిప్పుకోకుండా, ఇప్పుడు మీకు చెప్పిందంతా చెప్పాను. మీ తాత, మా నాన్న, అందరూ కలిసి ఒక మనిషిని మింగేశారన్నాను. టీ తెచ్చినవాడి పేరుంది, మైకు కట్టినవాడి పేరుంది, నాటకం నిలబెట్టిన మనిషి తదితరులా అన్నాను. వాడు మంచివాడు. అంతా విన్నాడు.

"నిజంగా నాకు తెలీదమ్మా. తప్పే. ఇంకా ప్రింటుకి ఎల్లలేదు, అరగంట టైముంది. మా తాత పేరు తీసేసి డైలాగు కింద ఆవిడ పేరే ఏయించేస్తాను. సెప్పండి, రాసుకుంటన్నాను."

నేను నోరు తెరిచాను.

"సెప్పండమ్మా. పేరు?"

మళ్ళీ చేస్తానని పెట్టేశాను. మా తమ్ముడికి చేశాను. "మిషను పిన్నికి పేరేంటక్కా, మిషను పిన్నే కదా," అన్నాడు. రావికమతంలో కొడుకు దగ్గరుంటున్న మా వెనకింటి దొడ్డమ్మకి తొంభై దగ్గరపడుతున్నాయి, ఆవిడకి చేశాను. "ఆలాయన 'ఏమే' అనీవోడమ్మా. మనం మిషనమ్మ అనీవోలం. పేరా? పేరు ఉండే ఉంటాదిలే," అంది. అమ్మ లేదు, నాన్న లేడు. పిన్నీ, ఆవిడ భర్తా ఎప్పుడో పోయారు. ఆ వాటా పడగొట్టి ఫోన్లు అమ్మే కొట్టు కట్టారు.

ఇరవై నిమిషాల తరవాత వాడే చేశాడు. తెలీదని చెప్పాను. నన్ను ఓదార్చడానికే, ఎంతో మెత్తగా అన్నాడు.

"పోన్లెండమ్మా, బాధపడకండి. కింద తదితరులని ఉన్నాది కదా. ఆవిడ అందులోకి వచ్చెత్తారు."

వాణ్ణి తిట్టడానికి నాకు నోరు రాలేదు. మిషను పిన్ని అనే వెయ్యమన్నాను. "అది పేరు కాదు కదమ్మా," అన్నాడు. కాదు. వాడు చెప్పింది నిజమే. వెయ్యి నాయనా అన్నాను, సరేనన్నాడు.

చల్లారిన కాఫీ ముందు పెట్టుకుని అలాగే కూర్చున్నాను. పొద్దుట్నించీ ఎవరిమీద ఎంత మండిపడ్డానో అదంతా తిరిగి నా దగ్గరికే వచ్చింది. వాళ్ళ వరండా నుంచి మా గుమ్మానికి ఇరవై అడుగులు. పెన్సిలుతో మూడుసార్లు దిద్దిన ఆ పేరు, ఆ ఇరవై అడుగులూ నా గుప్పెట్లోనే ఉంది. అప్పటికి నేను రెండో తరగతి. చదవడం వచ్చు. వీధిలో కనిపించిన ప్రతి బోర్డునీ గట్టిగా చదివి మెప్పు కొట్టేసేదాన్ని. ఆ మడత మాత్రం విప్పలేదు.